గైదకు పాలు పట్టిన ఎండాకాలం

ఆ ఏడు మాకు ఎండాకాలం రెండుసార్లు వచ్చింది. మొదటిది మా ఊరు బెరోవోలో, ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దుకోవడంతో గడిచింది. రెండోది మెల్‌బోర్న్ పక్కన ఒక అద్దె ఇంట్లో, ఆ సామాను కోసం వీధివైపు చూడ్డంతో గడిచింది. రెండింటిలోనూ నేను నిలకడగా కూర్చున్న రోజు ఒక్కటీ గుర్తు లేదు.

ఇంట్లో ముగ్గురమే. మా ఆయన బ్లాజె, మామయ్య ఆర్సో, నేను. బ్లాజె వెల్డింగ్ పనివాడు, బంగారంలాంటి మనిషి, కాకపోతే మాటలు రేషన్ మీద ఇస్తాడు. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. మామయ్య దానికి పూర్తిగా తలకిందులు. లేచింది మొదలు నన్నో, పక్కింటి కోళ్ళనో, ప్రభుత్వాన్నో తిడుతూ ఉండాలి. నేనూ నోరు కట్టుకునే రకాన్ని కాను. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో వినపడిన మాటలన్నీ మా ఇద్దరివే. అత్తయ్య పోయినప్పుడు కూడా ఆ తిట్లే మమ్మల్ని నిలబెట్టాయి.

అందుకే ఆస్ట్రేలియా కాగితాలు వచ్చినప్పుడు నేను భయపడింది అక్కడి భాషకు కాదు, ఎండకూ కాదు. ఈ ముసలాయన రానంటే, ఆ పరాయి దేశంలో బ్లాజె మౌనంతో నేనొక్కదాన్నే కాపురం చేయాలి కదా అని.

వస్తానన్నాడు. షరతు పెట్టి మరీ వస్తానన్నాడు.

"గైద వస్తే నేనొస్తాను. గైద ఉన్నన్నాళ్ళు ఉంటాను. అది లేనిచోట నాకేం పని? తిరుగు టికెట్ కూడా కొనండి, చేతిలో ఉండనీ" అన్నాడు. ఆ టికెట్ మార్చి నెలాఖరు వరకు చెల్లుతుంది. బెరోవోలో ఆయన మేనల్లుడు ఒక గది ఇస్తానని కూడా అన్నాడట. ఆ గది సంగతి ఆయన రోజుకోసారైనా నా చెవిన వేసేవాడు.

గైద అంటే మేకతోలు తిత్తి. మేక మెడా ముందుకాళ్ళూ ఉండే చోట కొయ్యగొట్టాలు బిగిస్తారు. బొచ్చు లోపలికి ఉంటుంది. గాలి ఊది, చంకలో నొక్కుతూ వాయిస్తారు. మామయ్య గైదకు గొట్టాలు వాళ్ళ నాన్న చెక్కినవి, తోలు అత్తయ్య పెంచిన మేకది. మా వైపు అది లేకుండా పెళ్ళి జరగదు. నా పెళ్ళికి చర్చి మెట్ల దగ్గర నుంచి ఇంటి గుమ్మం దాకా వెనక్కి నడుస్తూ వాయించాడు, ఒక్కచోట కూడా కాలు తడబడలేదు.

సామాను కంపెనీ తరఫున వాంచో అని ఒక లావాటి మనిషి వచ్చి, వెంట తీసుకెళ్ళకూడని వాటి జాబితా ఇచ్చాడు. మట్టి అంటిన ఏ వస్తువూ పనికిరాదు. విత్తనాలు, గడ్డి, తేనె, ఎండబెట్టిన మూలికలు, పచ్చికర్ర, పురుగు తొలిచిన కర్ర, ఏదీ పనికిరాదు. "ఆ దేశం వాళ్ళు చెప్పు కింద గడ్డిపరక కూడా వదలరమ్మా. పట్టుకున్నారంటే పెట్టె పెట్టె విప్పుతారు" అన్నాడు.

అంతే, నాకు శుభ్రం పూనింది. చలికాలానికని దాచిన ఐవార్ పచ్చడి సీసాలన్నీ ఆగస్టులోనే కూర్చుని తినేశాం. బూట్ల అడుగులు టూత్‌బ్రష్‌తో తోమాను. సైకిల్ చక్రాలు వేడినీళ్ళతో కడిగాను. పార కూడా నీళ్ళతొట్టిలో నానబెట్టి ఇసుకతో రుద్దుతుంటే, మామయ్య గడప మీద కూర్చుని రాకియా సారా చప్పరిస్తూ చూశాడు.

"ఏమే, దాన్ని పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?"

"నిన్ను కూడా తొట్టిలో వేసి తోమాలి మామయ్యా. ఆ చెవుల వెనక ఉన్న మట్టికి ఆ దేశంలో పంట పండుతుంది."

"మట్టంటే అంత భయం ఉన్నవాళ్ళు తిండి దేంట్లో పండించుకుంటున్నారో! పార తోమేవాళ్ళ దేశానికి పోతున్నాన్రా బ్లాజె, విన్నావా?"

బ్లాజె విన్నాడు. ఆ రోజు మాట అప్పటికే వాడేశాడు కాబట్టి తల ఊపాడు.

గైద దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. దాన్ని భుజాన వేసుకుని విమానంలో తెచ్చుకుంటానని మామయ్య, పెట్టెలో పెట్టి ఓడలో పంపాలని నేను.

"చంకలో మేకతో విమానం ఎక్కుతావా? అక్కడ దిగగానే పట్టుకుని పక్కన కూర్చోబెడితే? కాగితాలు ఆపేస్తే? అందరం వెనక్కి రావాలా నీ పాట కోసం?"

"అది లేకుండా రెండు నెలలు ఏం చేయమంటావు?"

"నన్ను తిట్టు. అలవాటేగా."

నిజానికి నాకున్న భయం అంతా ఆ దిగే ఘడియ గురించే. అక్కడ యూనిఫాం వేసుకున్న మనిషి ముందు మేము తడబడకూడదు, వేలెత్తి చూపించుకోకూడదు, అంతే. మూడు రోజులు పోట్లాడాక ఆయనే తగ్గాడు. తగ్గుతూ, "దీనికేమన్నా అయితే నీ ముఖం చూడను" అన్నాడు. సరే చూడకు అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

లారీ వచ్చే రోజు పొద్దున్న వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చి వెళ్ళాను. మామయ్య గిన్నెలో గోరువెచ్చని పాలు పోసి, తేనె కలుపుతున్నాడు. గైదకు గొట్టాలు తీసి, మెడలోంచి ఆ పాలు పోసి, మూతి బిగించి, పసిపిల్లను ఊపినట్టు అటూ ఇటూ ఊపాడు. తర్వాత బోర్లించి కారనిచ్చాడు.

"రెండు నెలలు నోట్లో ఊపిరి పడదు దీనికి. తోలు ఎండి పగిలిపోతుంది. కడుపు నింపి పంపాలి" అన్నాడు. మా వైపు వాయించేవాళ్ళందరూ అదే చేస్తారు, ఎక్కువ రోజులు వాయించకపోతే పాలు పడతారు. తేనె పట్టుకెళ్ళకూడదని నాకు వాంచో చెప్పాడు, నేను సీసాల్లో తేనె గురించి అనుకున్నాను. గైద కడుపులోది తేనె అని నాకు తట్టనే లేదు. తడి బట్టతో బయట తుడిచి, కొత్త దుప్పటిలో చుట్టి నేనే పెట్టెలో పెట్టాను.

ఇక ఆ కాగితం, సామానులో ఏమేం ఉన్నాయో ఆ దేశం వాళ్ళకు రాసిచ్చే కాగితం. వాంచో లారీ మీద చెయ్యి వేసి నిలబడితే, నేను వంటింటి బల్ల మీద, మిగిలిన ఒకే ఒక్క బల్ల మీద, నింపాను. ఇంగ్లీషు క్లాసుకు వెళ్ళింది ఇంట్లో నేనొక్కదాన్నే. నలభై ప్రశ్నలు. అన్నిటికీ గబగబా లేదు, లేదు, లేదు అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఒకచోట, జంతువుల తోలు గాని, బొచ్చు గాని, ఈకలు గాని ఉన్న వస్తువులున్నాయా అని ఉంది.

కలం ఆగింది. అబద్ధం చెప్పను, ఆగింది. గైద గుర్తొచ్చింది. కానీ గైద తోలేమిటి? చెప్పు తోలు, జీను తోలు. గైద గైదే. మా ఊళ్ళో ఎవర్ని లేపి అడిగినా అదే చెబుతారు. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను, దాని వెనకే ఇంకో మాట కూడా అనుకున్నాను. ఉందని రాస్తే పెట్టె విప్పుతారు, ఆలస్యం చేస్తారు. బయట వాంచో హారన్ కొట్టించాడు. లేదు అని టిక్కు పెట్టాను.

*

రెండో ఎండాకాలంలో మాకు నాలుగు స్పూన్లు, మూడు పరుపులు, ఒక కుర్చీ ఉండేవి. ఆ కుర్చీ మామయ్యది. ఆయన అందులో కూర్చోడు, అదే బాధ. పొద్దున్నే గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ గేటు దాకా. డిసెంబరులో చెమటలు కారుతుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది.

"క్రిస్మస్‌కు ఎండ ఏంటే? ఈ దేశంలో దేవుడు కూడా చొక్కా లేకుండా పుడతాడా?"

"అడిగి చెబుతాను మామయ్యా."

"ఓడ ఎక్కడిదాకా వచ్చిందో అది అడుగు ముందు."

ఓడ డిసెంబరు మొదటివారంలోనే వచ్చింది. సామాను తనిఖీ గోడౌన్‌లో వరసలో ఉందన్నారు. క్రిస్మస్ అన్నారు, కొత్త సంవత్సరం అన్నారు, పెట్టెలు ఎక్కువున్నాయన్నారు. నేను ఫోను చేయడం, వాళ్ళు ఓపిగ్గా అదే మాట చెప్పడం. కాలుగాలిన పిల్లిలా ఇద్దరం ఆ ఖాళీ గదుల్లో తిరుగుతూ ఒకరికొకరు అడ్డం పడి తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడనిపిస్తుంది, అవి మంచి రోజులని.

జనవరి మూడోవారంలో రమ్మన్నారు. బ్లాజెకు డ్యూటీ. నేనూ మామయ్యా రెండు బస్సులు మారి వెళ్ళాం. మామయ్య చర్చి కోటు వేసుకున్నాడు, ఆ ఎండలో.

పొడుగాటి రేకుల షెడ్డు, తెల్లటి లైట్లు, స్టీలు బల్ల. తనిఖీ చేసే ఆవిడకు నా వయసే ఉంటుంది, పొట్టి జుట్టు, చేతులకు తొడుగులు. బూట్లు తిప్పి చూసింది, సైకిల్ చూసింది. పార చేతిలోకి తీసుకుని నవ్వి, పదిహేనేళ్ళలో ఇంత శుభ్రమైన పార చూడలేదంది. నేను మామయ్యకు చెప్పాను. ఆయన మీసం కింద నవ్వాడు.

తర్వాత దుప్పటి విప్పింది. విప్పుతుండగానే వాసన కొట్టింది, పులిసిన పాల వాసన. ఆవిడ నవ్వు ఆగిపోయింది. మెడ దగ్గర గొట్టం నెమ్మదిగా ఊడదీసి, లోపలికి చిన్న లైటు వేసింది. మామయ్య నా కంటే ముందు వంగి చూశాడు.

లోపల బొచ్చంతా కదులుతోంది.

ఆవిడ పురుగొకదాన్ని పట్టకారుతో గాజు గొట్టంలో వేసి, మూత పెట్టి, ఫైలు తెరిచింది. నా కాగితం. నా టిక్కు. దాని మీద వేలు పెట్టి, ఇది ఎవరు నింపారంది. నేనే అన్నాను. ఆవిడ కోప్పడలేదు. తోలు అని రాసి ఉంటే మొదటివారంలోనే ఈ పెట్టె విడిగా తీసేవాళ్ళం, అప్పటికి పురుగు ఇంత ఉండేది కాదు, శుద్ధి చేసి ఇచ్చేసేవాళ్ళమేమో అంది. ఆరువారాలు ఈ రేకుల కింద వేడిలో ఉండిపోయిందంది. తప్పుగా రాసినందుకు ఈసారికి హెచ్చరిక రాసి వదిలేస్తున్నానంది. లోపల ఈ తీపి వాసనేంటి, దానికే పురుగు పట్టి ఉంటుంది అని కూడా అంది.

"ఏమంటోంది?" అన్నాడు మామయ్య.

ఆ గదిలో ఆయన భాష, ఆవిడ భాష, రెండూ తెలిసిందాన్ని నేనొక్కదాన్నే.

"పాలు... తేనె గురించి అడుగుతోంది మామయ్యా. తీపికి పురుగు పట్టిందంటోంది."

అందులో అబద్ధం లేదు. అదే దాని దరిద్రం. మామయ్య తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నేనే" అన్నాడు. "నా చేత్తో నేనే పట్టాను."

ఆవిడ మూడు దారులు చెప్పింది. తోలు కాల్చేయడం, వెనక్కి పంపేయడం, లేదా మందు వాడి పురుగును చంపడం. కానీ మూడోదాంతో లాభం లేదంది, తోలు అప్పటికే జల్లెడైపోయింది. కొయ్యగొట్టాలు మాత్రం శుద్ధి చేసి ఇవ్వొచ్చు. ఏ సంగతో మూడువారాల్లో నా సంతకంతో చెప్పమంది. అదంతా మామయ్యకు పొల్లు పోకుండా చెప్పాను. ఆరువారాల సంగతి ఒక్కటే చెప్పలేదు.

*

మిగతా సామాను మర్నాటికల్లా ఇంటికి వచ్చేసింది. మంచాలు వచ్చాయి, బల్ల వచ్చింది, నా పింగాణీ వచ్చింది. మామయ్య నోరు పోయింది.

తిట్టడం లేదు. ఉప్పెక్కువైన చిక్కుడుగింజల పులుసు పెట్టాను, కావాలనే పెట్టాను. తిని, "బాగుంది త్స్వేత" అన్నాడు. పద్నాలుగేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. మర్నాడు రొట్టె మాడ్చాను. అది కూడా బాగుందన్నాడు.

కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. గేటు దాకా నడక మానేశాడు. వారం తిరిగాక బ్లాజెను పిలిచి, టికెట్ తేదీ వేయించమన్నాడు. "మీ అమ్మ మేకను చంపుకున్నవాణ్ణి, ఇక్కడ కూర్చుని ఏం వాయించను? అక్కడ కనీసం ఆవిడ సమాధి దగ్గరికి పోయి చెప్పుకుంటాను" అన్నాడు.

ఆ రోజు బ్లాజె వంటింట్లోకి వచ్చి, ఆ రోజుకు రెండో మాట, మూడో మాట కూడా ఖర్చు పెట్టాడు. "నాన్న ఏంటి అలా అయిపోయాడు? నిన్ను కూడా తిట్టడం లేదేంటి?"

"ఏమో" అన్నాను.

ఏమో అన్నానే గానీ, నిద్రపట్టడం మానేసింది. గిన్నెలు తోమినవే తోముతున్నాను. ఆయన వెళ్ళిపోతాడని ఒక భయం. నా తప్పు ఒప్పుకుంటే జీవితంలో నా ముఖం చూడడని ఇంకో భయం. ముందే అన్నాడు కదా ఆ మాట, నేనూ సరే అన్నాను కదా. చెప్పకపోతే మంచి కోడలిగా విమానాశ్రయంలో ముద్దు పెట్టించుకుని పంపొచ్చు. చెబితే ద్రోహిగా పంపాలి. రెంటిలోనూ ఆయన వెళ్ళేవాడే. అలాంటప్పుడు చెప్పడం దేనికని పదిసార్లు అనుకున్నాను. కానీ ఆయన తన చేతుల వంక చూసుకున్నప్పుడల్లా నేను ఆ గదిలో ఉండలేకపోయేదాన్ని.

ఫిబ్రవరి రెండోవారం, శనివారం. పెరట్లో రేకు మీద ఎర్ర బుట్టమిరపకాయలు కాలుస్తున్నాం, ఐవార్‌కి. ఆయన తిప్పుతున్నాడు, నేను తొక్క తీస్తున్నాను. మూడువారాల గడువు సోమవారంతో సరి. సంతకం పెట్టాల్సిన కాగితం నా ఆప్రన్ జేబులో ఉంది.

"మామయ్యా, ఒక మాట."

"ఊఁ."

"పాల వల్ల కాదు. అంటే, పాల వల్ల ఒక్కటే కాదు. కాగితంలో తోలు ఉందా అని అడిగారు. నేను లేదని రాశాను. ఉందని రాసి ఉంటే మొదటివారమే తీసి, బాగుచేసి ఇచ్చేవాళ్ళట. ఆరువారాలు ఆ వేడిలో పెట్టించింది నేను. అక్కడ ఆవిడ నాతో చెప్పింది. నేను నీకు చెప్పలేదు."

ఆయన పట్టకారు కింద మిరపకాయ కాలుతూనే ఉంది. నల్లబడింది, పొగ వచ్చింది. తిప్పలేదు.

"చూసి రాశావా, చూడక రాశావా?"

"చూసి."

"గైద గుర్తొచ్చిందా?"

"వచ్చింది."

పట్టకారు రేకు మీద విసిరేశాడు. లేచి నిలబడ్డాడు.

"నీ తెలివి తగలెయ్య! బొచ్చుతో సహా మేక కడుపంత ఉంది అది, తోలు కాకపోతే సొరకాయనుకున్నావా? బూట్లకు పళ్ళు తోమావు, పారకు తలంటావు, నోరున్న ఒక్క వస్తువునూ తీసుకెళ్ళి పురుగుల నోట్లో పెట్టావు! పైగా ఇన్ని రోజులు నన్ను... నా చేతులు నేను నరుక్కోవాలనిపించిందే! ఉప్పు కషాయం తాగించావు, మాడిన రొట్టె పెట్టావు, బాగుంది బాగుంది అని తిన్నాను, పాపిష్టివాణ్ణి నాకెందుకు రుచి అని! మనిషివేనా నువ్వు?"

పక్కింటి గ్రీకు ఆవిడ కంచె మీదుగా తొంగి చూసి, గబుక్కున లోపలికి పోయింది. ఆయన ఆగలేదు. మా నాన్నను తిట్టాడు, మా ఊరిని తిట్టాడు, నాకు ఇంగ్లీషు నేర్పిన పంతులమ్మను తిట్టాడు, నా మిరపకాయల తొక్క తీసే పద్ధతిని తిట్టాడు. నేను తలవంచుకుని ఏడుస్తున్నాను. సిగ్గుతో ఏడుస్తున్నానని ఆయన అనుకుని ఉంటాడు. సగం మాత్రమే సిగ్గు.

అలసిపోయాక కుర్చీ కాలితో లాక్కుని కూర్చున్నాడు. అప్పుడే బ్లాజె డ్యూటీ దిగి పెరటి గుమ్మంలోకి వచ్చి, భోజనం డబ్బా పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాడు.

"ఏది ఆ కాగితం?" అన్నాడు మామయ్య నాతో.

ఇచ్చాను.

"నాకెందుకు ఇస్తావు, నాకు చదవొచ్చా? రాయి. తోలు కాల్చేయమను. గొట్టాలు మా నాన్నవి, గీత పడకుండా ఇమ్మను. ఈసారి చూసి రాయి, చూసి!"

రాశాను. చేతికి అంటిన మిరప రసం కాగితానికి కూడా అంటింది. దానికీ తిట్టాడు.

"ఈ దేశంలో మేకలున్నాయా?"

"ఉన్నాయి మామయ్యా. బస్సులో వెళ్ళేటప్పుడు చూశాం కదా."

"నేను కిటికీలోంచి చూడలేదు. సోమవారం నువ్వే వెళ్ళి బేరం చెయ్యి. మేకపోతు వద్దు, కంపు. ఏడాది పిల్ల కావాలి. తోలు కొయ్యకుండా గౌనులా ఒలిపించాలి, ఎలాగో దగ్గరుండి చూడు. ఉప్పు నువ్వే రాస్తావు. బొచ్చు నువ్వే కత్తిరిస్తావు, వేలు మందం ఉంచి. ఒక్క పిసరు తగ్గితే మళ్ళీ మొదటినుంచి చేయిస్తాను. మా ఇంట్లో ఇంతవరకు ఆడవాళ్ళు ఆ పని ముట్టుకోలేదు, నువ్వు ముట్టుకుంటావు, చేతులు వాసన కొట్టి చస్తావు!"

"సరే."

"సరేనట! అది మెత్తబడి, గొంతు కుదిరి, చెప్పినమాట వినడానికి ఏడాది పడుతుంది. తెలుసా?"

నేను తలెత్తలేదు. గుమ్మంలోంచి బ్లాజె గొంతు సవరించుకున్నాడు. పాపం, సాయం చేద్దామనే అనుకుని ఉంటాడు.

"నాన్నా, టికెట్ మార్చి నెలాఖరుకే అయిపోతుంది."

మామయ్య మొత్తం ఒళ్ళు తిప్పి కొడుకువైపు చూశాడు.

"నెలకో మాట మాట్లాడేవాడివి, ఇదా మాట్లాడేది? తోలు పచ్చిగా ఉండగా వదిలేసి ఎక్కడికి పోతార్రా ఎవడైనా?"